ఇంటిపట్టున బి.ఏ. పట్టము

చదువుకొన్న స్త్రీ యనగా నెవరు? చాలకాలము ఈ ప్రశ్న నాకు తోచనేలేదు. మా తాతగారు కోనసీమలో పౌరోహిత్యము చేసికొనుచు, ఇంటి పంచలో నలుగురు పిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పెడివారు. నేను వారియొద్దనే అమరకోశము వల్లించితిని. రఘువంశము, కుమారసంభవము, ఆంధ్రమహాభారతమున కొన్ని పర్వములు, మనుచరిత్రము చదివితిని. పదవతరగతి పరీక్ష మాత్రము ప్రైవేటుగా వ్రాసితిని. ఆపై వివాహమైనది. మావారు జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులు. వారి బడిపిల్లలే సాయంకాలము మా యరుగుపై చేరి పద్యములకు ప్రతిపదార్థములు నాచేత చెప్పించుకొని పోవుచుందురు. కావున నేను చదువుకొన్నదాననే యని నాకు దృఢమైన నమ్మక ముండెడిది.

నాలుగేండ్ల క్రిందట మా యమ్మాయిని వేఱొక బడిలో చేర్చునపుడు ఒక దరఖాస్తు నింపవలసి వచ్చెను. అందులో 'తల్లి విద్యార్హత' యని యొక గడి యుండెను. "అమ్మా, ఇక్కడ ఏమి వ్రాయను?" అని పిల్ల యడిగినది. 'ఇంటిచదువు' అని వ్రాయు మంటిని. కార్యాలయములోని గుమాస్తా దానిని చూచి చిఱునవ్వు నవ్వి, ఆ మాట కొట్టివేసి, 'పదవ తరగతి' యని వ్రాసికొనెను. అతనిదేమియు తప్పు లేదు. అతని కంప్యూటరులో 'ఇంటిచదువు' అను మాట లేదు. కాని మా యమ్మాయి అప్పుడు నావైపు చూచిన చూపు నేను మఱవజాలను. చిన్నతనమునుండి నా యొడిలో కూర్చుండి భారతకథలు విన్న పిల్ల అది. తన తల్లి చదువును కొలుచుటకు లోకమునకు వేఱొక కొలపాత్ర యున్నదని ఆ దినమున తెలిసికొన్నది.

ఆ కొలపాత్రలో నేనెంత తూగుదునో చూచుకొనవలె ననిపించెను. నేడు నాకు ముప్పదియాఱేండ్లు. సార్వత్రిక విద్యాపీఠము ద్వారా ఇంటర్మీడియేటు ముగించి, ఇంటనుండియే ఆన్లైను పద్ధతిలో బి.ఏ. చదువుచు మూడవ సంవత్సరమున ప్రవేశించితిని. ఈ త్రోవలో నేను పడిన పొరపాట్లును, తెలిసికొన్న సంగతులును మీలో ఒక్కరికైన నుపకరించునేమో యని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

బి.ఏ. యనగా నేమి?

బి.ఏ. యను రెండక్షరములలో రెండవది 'ఆర్ట్సు' అను మాటకు గుఱుతు. దీనిని చూచి కొందఱు చిత్రలేఖనము, నాట్యము మొదలగు లలితకళ లనుకొందురు. అది పొరపాటు. పాశ్చాత్యులు ఈ విద్యలను లిబరల్ ఆర్ట్సు అందురు. ఆ పేరు లాటినుభాషనుండి వచ్చినది. స్వతంత్రులకు తగిన విద్యలని దాని యర్థము. దాసుడు యజమానికి కావలసిన పని నేర్చుకొనును, స్వతంత్రుడు ఆలోచించుట నేర్చుకొనును అని ప్రాచీన రోమకుల తలంపు. మధ్యయుగమున ఐరోపాలో ఈ విద్యలను ఏడుగా లెక్కించిరి. వ్యాకరణము, తర్కము, అలంకారశాస్త్రము అను మూడును, అంకగణితము, రేఖాగణితము, సంగీతము, జ్యోతిశ్శాస్త్రము అను నాలుగును కలిసి ఏడు. ఈ పట్టిక మొదటిసారి చూచినపుడు నాకు సంతోషము కలిగినది. మా తాతగారి పంచలోని చదువులు ఈ విద్యలకు దగ్గఱ చుట్టములే గదా!

నేడు చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రము, సమాజశాస్త్రము, తత్త్వశాస్త్రము, భాషాసాహిత్యములు మొదలగునవి బి.ఏ.లో చేరియున్నవి. వీనిలో పెక్కింటికి ప్రయోగశాల అక్కఱలేదు. కావున ఇంటనుండి చదువుటకు మిక్కిలి అనుకూలములు. వైద్యము, నర్సుపని, ఇంజనీరింగు వంటి విద్యలలో ఆన్లైను పట్టములకు మనదేశపు నిబంధనలు ఒప్పుకొనవు.

"భారతము చదివినదానికి ఈ బి.ఏ. క్రొత్తగా నేర్పునది ఏమున్నది?" అని మీరడుగవచ్చును. ఒక్క నిదర్శనము చెప్పెదను. నన్నయభట్టారకుని పద్యములు నాకు బాల్యమునుండి కంఠస్థములు. రాజరాజనరేంద్రుని కోరికపై ఆయన భారతమును తెనిగించెననియు నెఱుగుదును. చరిత్ర చదువునపుడు నందంపూడి శాసనము నా కంటబడినది. నన్నయకు తోడ్పడిన నారాయణభట్టునకు రాజరాజు మా కోనసీమలోని నందంపూడిని అగ్రహారముగా నిచ్చెను. 1053 ప్రాంతపు ఆ శాసనమును రచించినవాడు నన్నయయే. నేను పుట్టి పెరిగిన సీమ! అయినను, ఆ దానమునకు ముందు ఆ పొలములను దున్నినవా రెవరు, దానమైన పిదప పంటలో భాగ మెవరికి పెట్టిరి అను ప్రశ్న నా తలలో నెన్నడును పుట్టియుండలేదు. పద్యమును చవిచూచుట తాతగారు నేర్పిరి. పద్యము వెనుకనున్న మనుష్యులనుగూర్చి యడుగుట ఈ చదువు నేర్పినది. నాకు రెండును కావలెను.

ఈ త్రోవ క్రొత్తది కాదు

కళాశాల గడప త్రొక్కక పట్టము పొందుట నేటి వింత యని కొందఱు ముక్కున వ్రేలు వేసికొందురు. లండను విశ్వవిద్యాలయము 1858లోనే, ఎక్కడ చదువుకొన్న వారికైనను తన పరీక్షలు వ్రాయుటకు వీలు కలిగించినది. అదే విశ్వవిద్యాలయము 1878లో స్త్రీలకును పట్టముల నిచ్చుట కంగీకరించినది. మనదేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో టపాద్వారా పాఠములు పంపు పద్ధతి ప్రారంభించెను. ఇంగ్లండులో ఓపెన్ యూనివర్సిటీ 1969లో స్థాపింపబడి, 1971నుండి రేడియో, టెలివిజనుల సాయముతో ఇండ్లలోని వారికి పాఠములు చెప్పసాగినది.

ఈ విషయమున మన తెలుగువారు గర్వింపదగిన సంగతి యొకటి కలదు. భారతదేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున వెలసినది. దాని తొలి ఉపాధ్యక్షులు జి. రాంరెడ్డిగారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు దానికిని తొలి ఉపాధ్యక్షులు వారే. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు 1991లో డాక్టరు బి.ఆర్. అంబేద్కరుగారి పేరు పెట్టిరి. కళాశాల మెట్లెక్కని వారిని సయితము అర్హతపరీక్ష పెట్టి చేర్చుకొనుట ఆ సంస్థ చాలకాలము నడపిన పద్ధతి. ఆ వాకిట ఎందఱో గృహిణులు, ఎందఱో కూలిపనివారు ఆదివారపు తరగతులకు వచ్చి చదువుకొనిరి.

అంతకు ముందును ఇంటనుండి చదివిన తెలుగు స్త్రీలు లేకపోలేదు. దుర్గాబాయి దేశముఖుగారు 1909లో రాజమహేంద్రవరమున జన్మించిరి. ఎనిమిదేండ్లకే వివాహము. ఉప్పుసత్యాగ్రహకాలమున కారాగారవాస మనుభవించిరి. అటుపిమ్మటనే గదా ఆమె పట్టుదలతో చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షను ప్రైవేటుగా వ్రాసి నెగ్గినది! ఆంధ్ర విశ్వవిద్యాలయమున బి.ఏ. చదువగోరినపుడు వాల్తేరులో స్త్రీలకు వసతిగృహము లేకుండుట ఆమెకు పెద్ద యడ్డంకి యైనది. దానిని దాటి పట్టము పొందిరి. 1942లో మదరాసున న్యాయశాస్త్రపట్టమును పొందిరి. పిదప రాజ్యాంగసభలో సభ్యురాలైరి. 1937లో తాము స్థాపించిన ఆంధ్రమహిళాసభలో, చదువు మధ్యలో నాగిపోయిన స్త్రీలను అదే కాశీ మెట్రిక్యులేషనుకు తయారుచేసిరి. తాను దాటిన కాలువపై వెనుకవారికి వంతెన కట్టిన తల్లి యామె. ఆమెకు వసతిగృహము కొఱతయైనది. మనకు నేడు ఇంటిలో ఒక మూల చాలును.

చదువు నడచు విధము

ఇక పద్ధతిని చెప్పెదను. బి.ఏ.లో చేరుటకు ఇంటర్మీడియేటుగాని, దానితో సమానమైన పరీక్షగాని నెగ్గియుండవలెను. అది లేనివారు నిరాశ చెందవలదు. జాతీయస్థాయిలో 1989లోను, మన రాష్ట్రమున 1991లోను సార్వత్రిక విద్యాపీఠములు ఏర్పడినవి. వీని ద్వారా పదవతరగతిని, ఇంటర్మీడియేటును ఇంటనుండి చదివి వ్రాయవచ్చును. ఇప్పుడు తెలంగాణమునకును వేఱుగా అట్టి సంస్థ కలదు. నేను వచ్చిన దారి ఇదియే.

దూరవిద్య, ఆన్లైను విద్య అని రెండు పేర్లు వినుచుందురు. దూరవిద్యలో పుస్తకములు టపాలో వచ్చును. సమీపమున అధ్యయనకేంద్ర ముండును. సెలవుదినములలో అధ్యాపకులు అచట తరగతులు పెట్టుదురు. ఆన్లైనులో అన్నియు ఫోనులోగాని కంప్యూటరులోగాని నడచును. ఇందు నాలుగు అంగములుండవలె నని నిబంధన: కంటితో చూచి వినదగిన పాఠములు, చదువుటకు వ్రాతపాఠములు, సందేహములు చర్చించు స్థలము, ఎవరికి వారు తమ్ము పరీక్షించుకొను ప్రశ్నలు. ఊరికి దగ్గఱలో అధ్యయనకేంద్ర మున్నవారికి, పుస్తకము చేతబట్టిననే తప్ప చదువెక్కనివారికి దూరవిద్యయే మేలు. కదలుటకు వీలులేని వారికి, ఉద్యోగరీత్యా భర్తకు తఱచు బదిలీ లగుచుండువారికి ఆన్లైను మేలు.

మార్కులలో నూటికి ముప్పదివఱకు ఏడాది పొడుగున వ్రాసి పంపు వ్యాసములకు, తక్కిన డెబ్బదియు తుదిపరీక్షకు నుండును. తుదిపరీక్షను కొన్ని సంస్థలు ఒక కేంద్రమునకు పిలిచి పెట్టును. కొన్ని ఇంటనే, కెమెరా కావలితో పెట్టును. మూడేండ్లకు బి.ఏ.; 2020 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి నాలుగవ యేడు చదివినచో ఆనర్సు పట్టము.

ఈ పట్టమునకు విలువ యుండునా యను శంక చాలమందికి కలదు. 2020లో యూనివర్సిటీ గ్రాంట్సు కమీషను ఈ విద్యకు నియమములు చేసినది. ఆ నియమముల ప్రకారము, గుర్తింపుపొందిన సంస్థలు దూరవిద్యలోగాని ఆన్లైనులోగాని ఇచ్చు పట్టము, కళాశాలకు పోయి చదివిన పట్టముతో సమానమే. 2022లో కమీషను ఈ మాటను మరల ప్రకటించినది. డిగ్రీ అర్హతగా గల సర్కారు ఉద్యోగ పరీక్షలకు, బ్యాంకు పరీక్షలకు, ఎం.ఏ.లో చేరుటకు ఇది పనికివచ్చును. అయితే ఉపాధ్యాయినులు కాగోరువారు ఒక్క విషయము గుర్తుంచుకొనవలెను. బి.ఏ. మాత్రము చాలదు, పిమ్మట బి.ఎడ్.ను, ఉపాధ్యాయ అర్హతపరీక్షయును కావలెను.

నేను మోసపోయిన కథ

కమీషను గుర్తింపు మాట నేను ముందుగా నెఱుగక నష్టపడితిని. సిగ్గుపడకుండ చెప్పెదను. ఇంటర్మీడియేటు ముగిసినదో లేదో, పట్టణములో ఒక శిక్షణకేంద్రమువారు "ఒక్క సంవత్సరములో బి.ఏ." యని గోడలపై ప్రకటనలు అంటించిరి. పరీక్ష సంగతి తామే చూచుకొందుమనిరి. నాకు తొందఱ మెండు. మావారితో చెప్పక, చీటీపాటలో దాచుకొన్న ఎనిమిదివేల రూపాయలు కట్టివచ్చితిని. సాయంకాలము రసీదు చూపగా మావారు కోపపడలేదు. "మూడేండ్ల లెక్కను ఒక్క యేటిలో చేయుట నా గణితములో లేదు" అని మాత్రమనిరి. ఇరువురము కూర్చుండి కమీషనువారి దూరవిద్యా విభాగపు పట్టిక వెదకితిమి. ఆ పట్టములిచ్చు విశ్వవిద్యాలయపు పేరు అందు లేదు. ఆ డబ్బు నేటికిని తిరిగి రాలేదు.

కావున సోదరీమణులారా! కట్టుటకు ముందు మూడు సంగతులు చూడుడు. మొదటిది, ఆ సంస్థ పేరు కమీషనువారి పట్టికలో ఉన్నదా? రెండవది, మీరు చేరు సంవత్సరమునకు, మీరు కోరు పాఠ్యక్రమమునకు ఆ గుర్తింపు చెల్లునా? సంస్థ మంచిదైనను ఒక్కొక్క పాఠ్యక్రమమునకు వేఱువేఱుగా అనుమతి కావలెను. మూడవది, రుసుము విశ్వవిద్యాలయమునకే నేరుగా చెల్లింపుడు; నడుమ దళారి చేతికి చిల్లిగవ్వయు నీయకుడు. పరీక్ష లేకుండ పట్టము, ఏడాదిలో పట్టము, వెనుకటి తేదీ వేసి పట్టము అనువారి నీడయైన త్రొక్కవలదు.

గంటల లెక్క

ఇప్పుడు అసలు చిక్కునకు వచ్చితిని. బి.ఏ.కు బుద్ధి కావలెనందురు, డబ్బు కావలెనందురు. నిజమే. కాని గృహిణికి అన్నిటికంటె కొఱతయైనది వేఱొకటి కలదు. లెక్క చూడుడు. మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లు. దూరవిద్యలో నొక్కొక్క క్రెడిట్టునకు 30 గంటల చదువని లెక్క. అనగా మొత్తము 3,600 గంటలు. ఏటికి 1,200 గంటలు. పండుగ, జ్వరము, చుట్టములు, పెండ్లిండ్లు అనక ప్రతిదినమును సుమారు మూడుంబావు గంటలు చదువవలెను.

ఆ మూడుంబావు గంటలు ఎక్కడినుండి వచ్చును? 2019లో కేంద్రప్రభుత్వమువారు దేశమంతట జనులు కాలమును గడపు తీరును విచారించిరి. జీతములేని ఇంటిపనిచేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు ఆ పనిలో గడపుదురని తేలినది. ఇంటిపనిలో చేయివేయు పురుషులకు సగటు 97 నిమిషములు. అర్థశాస్త్రపాఠములలో ఇంకొక సంగతి చదివితిని. ఈ 299 నిమిషముల పనికి దేశపు జాతీయాదాయపు లెక్కలలో చోటు లేదు. వంట అదే, హోటలువాడు చేసిన లెక్కకు వచ్చును, ఇల్లాలు చేసిన రాదు. గుమాస్తా నా ఇంటిచదువును కొట్టివేసిన గడియే ఇచ్చటను నాకు కనబడినది.

నేను మొదటి సంవత్సరమున ఈ లెక్క వేసికొనలేదు. ఎవరికిని ఇబ్బంది కలుగరాదని గంటలను దొంగిలించితిని. అందఱును పండుకొన్న తరువాత పదకొండు మొదలు ఒంటిగంటవఱకు చదువుట. తెల్లవాఱుజామున లేచి మరల పని నందుకొనుట. పొయ్యిపై పప్పు ఉడుకుచుండగా ఒక చెవిలో పాఠము, ఒక చెవిలో కుక్కరు కూత. ఫలిత మేమైనది? తెలుగులోను చరిత్రలోను మంచి మార్కులు వచ్చినవి గాని, అర్థశాస్త్రములో తప్పితిని. ఉపాధ్యాయుని భార్య పరీక్ష తప్పినది! రెండు దినములు అరుగుమీదికి రాలేదు. పిల్లలు పద్యములకు వచ్చి తిరిగిపోయిరి.

మూడవనాడు మావారు నా పుస్తకము తెఱచి, గిరాకి సరఫరాల గీతలు గీచి చూపించిరి. అరగంటలో అర్థమైనది. అంతవఱకు రాత్రి నిద్రకన్నులతో పదిసారులు చదివినను బోధపడనిది అది. అప్పుడు తెలిసినది, లోపము నా బుద్ధిలో లేదని, దొంగిలించిన గంటలో ఉన్నదని. ఆ రాత్రి భోజనములవేళ అందఱియెదుట మొదటిసారి నోరు తెఱచి, "నాకు దినమునకు మూడు గంటలు కావలెను. అవి మీరందఱు కలిసి నాకీయవలెను" అని యడిగితిని.

అంత సులభముగా ఇచ్చిరని వ్రాసినచో అసత్యమగును. "భారతము చదివినదానవు, ఇంక ఏమి చదువమ్మా? ఈ వయసులో ఉద్యోగము చేయవలెనా?" అని మా యత్తగారనిరి. ఆమె మాటలో కాఠిన్యము లేదు, భయము కలదు. చదువు పేర కోడలు ఇంటిని మఱచునేమో యను భయము. నేను ఎదురు చెప్పలేదు. "అత్తయ్యా, మనవరాలికి తల్లి చదువును వ్రాయుటకు గడి కావలెను" అని మాత్రమంటిని. ఆమె యేమియు ననలేదు. మఱునాటినుండి మావారు ఉదయము కూరలు తఱుగుట, అమ్మాయి సాయంకాలము గిన్నెలు తోముట, చిన్నవాడు నీళ్లు పట్టుట మొదలైనవి. తెల్లవాఱి నాలుగున్నరనుండి ఆఱువఱకు, మధ్యాహ్నము రెండునుండి మూడున్నరవఱకు నా గంటలని వంటయింటి గోడపై కాగితము అంటించితిమి.

ఆ కాగితము అన్నిదినములు నెగ్గలేదు. ధనుర్మాసమున నోడినది, అత్తగారి మోకాళ్లకు వైద్యము చేయించిన నెలలో నోడినది. అట్టివారికి ఒక ఊరట చెప్పెదను. మూడేండ్లలోనే ముగింపవలెనని లేదు. ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయము వంటివి బి.ఏ.కు ఆఱేండ్లవఱకు గడువిచ్చిన పద్ధతి కలదు. ఆఱేండ్లకు పంచినచో దినమునకు ఒక గంట నలువది నిమిషములు చాలును. ఆలస్యముగా పొందిన పట్టముమీద ఆలస్యమని వ్రాయరు.

కావలి

రెండవయేటి పరీక్ష ఇంటనే, కెమెరా కావలితో జరిగినది. గదిలో నేను తప్ప వేఱొక మనిషి కనబడరాదు, మాట వినబడరాదు, చూపు ప్రక్కకు త్రిప్పరాదు. మొదటి పరీక్షదినమున సరిగా నడుమ, అత్తగారు శివాలయమునుండి ప్రసాదముతో తిన్నగా గదిలోనికి వచ్చిరి. తెఱపై హెచ్చరిక వచ్చినది. నా గుండె జాఱినది. ఇంకొకమాఱు అట్లు జరిగిన పరీక్ష రద్దగునని వ్రాసియున్నది. సంగతి తెలిసి అత్తగారు ఎంత నొచ్చుకొనిరో చెప్పలేను.

మఱునాడు నేను పరీక్షకు కూర్చుండుటకు ముందే ఆమె గది గడప వెలుపల పీట వేసికొని, జపమాల చేతబట్టి కూర్చుండిరి. రెండు గంటలు కదలలేదు. పాలవాడు వచ్చినను, చీటీపాట ఆమె వచ్చినను, చేతితో సన్నచేసి పంపివేసిరి. ప్రక్కయింటివారు "ఏమండీ, మీ కోడలికి ఒంట్లో బాగులేదా?" అని గట్టిగా నడుగగా, వీధివఱకు నడచిపోయి, తగ్గుస్వరమున "మా కోడలు పరీక్ష వ్రాయుచున్నది" అని చెప్పివచ్చిరట. అర్థశాస్త్రములో ఈసారి నాకు 71 మార్కులు వచ్చినవి. అందులో సగము ఆ పీటవి.

లోపమును కూడ చెప్పవలెను గదా. ఈ చదువులో ప్రక్కబల్లపై స్నేహితురాలుండదు. అధ్యాపకుని ముఖము తెఱపై కదలునే గాని, మనకు బోధపడలేదని ఆయన కన్ను గుర్తింపదు. ఈ ఒంటరితనము వలన ఎందఱో మధ్యలో మానివేయుదురు. నాతో చేరినవారిలో తెలుగు స్త్రీలము ఐదుగురము ఒకరినొకరు కనుగొంటిమి. ఒకరు బరంపురమున, ఒకరు ఖరగ్పురమున, ఒకరు ఆదిలాబాదు జిల్లాలో నున్నారు. ఆదివారము మధ్యాహ్నము ఫోనులో కలిసి, వారమంతయు చదివిన దానిని ఒకరికొకరు అప్పగింతుము. తాతగారి పంచలో చేసినదియు ఇదియే. మీరును చేరినచో మొదటి నెలలోనే ఇట్టి తోడును వెదకికొనుడు.

పట్టము వచ్చిన తరువాత ఏమి చేయుదువని మీరడుగుదురు. బి.ఎడ్. చదువవలెనని కోరిక. అది నెఱవేఱినను, నెఱవేఱకున్నను నాకు చింతలేదు. తాతగారిచ్చిన చదువు నాది. దానికి సాక్ష్యము లేక లోక మొప్పుకొనలేదు. ఆ సాక్ష్యమును సంపాదించుటకు పోయి క్రొత్తచదువు నొకటి తెచ్చుకొంటిని. స్వతంత్రుల విద్య యని రోమకులు పెట్టిన పేరునకు అర్థము నాకు పుస్తకములో తెలియలేదు. నా దినములో మూడు గంటలు నావి యని ఇల్లు ఒప్పుకొన్ననాడు తెలిసినది.

ఈ జూనులో మా యమ్మాయి ఇంటర్మీడియేటులో చేరినది. మరల దరఖాస్తు, మరల అదే గడి. ఈసారి నన్నడుగలేదు. 'బి.ఏ., మూడవ సంవత్సరము' అని తానే వ్రాసి, సిరా ఆఱునట్లు ఊది, నాచేతికిచ్చి సంతకము చేయుమన్నది.

సోదరీమణులారా! మీలో ఎందఱికో ఇట్టి గడి యొకటి ఎక్కడనో ఖాళీగా నున్నది. దానిని నింపుటకు మొదట కావలసినది దరఖాస్తు కాదు, రుసుము కాదు. ఈ రాత్రి భోజనములవేళ మీ యింటివారి నొక గంట యడుగుడు. ఇచ్చినచో రేపటినుండియే ప్రారంభింపుడు. ఈయకున్నచో ఎల్లుండి మరల నడుగుడు.